ఊరెందుకు విడుస్తారు?

— తృతీయ సంవత్సర బి.ఎస్సీ. విద్యార్థి



పోయిన సంవత్సరం మన వార్షికోత్సవ సభలో ఒక పెద్దాయన మాట్లాడుతూ, “ఈనాటి యువకులు పట్నాల మోజులో పడి పల్లెలను విడిచిపోతున్నారు. కన్నతల్లి వంటి ఊరిని మరవడం తగదు” అని సెలవిచ్చినారు. మనమంతా చప్పట్లు కొట్టినాం. నేనూ కొట్టినాను. కొట్టి, హాస్టలుకు పోయి పడుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ సమయానికి మా నాయన, అమ్మ బెంగుళూరులో కడుతున్న ఒక భవనం పక్కన రేకుల షెడ్డులో పడుకోనున్నారు. వాళ్ళకు పట్నం మోజు ఉందంటే నేను నమ్మలేను. మా అమ్మ సంవత్సరంలో ఆరు నెలలు ఆ పట్నంలోనే ఉంటుంది గానీ ఈనాటికీ లాల్‌బాగ్ చూసి ఎరగదు.

ఆ పెద్దాయనను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన మాటలో ప్రేమ ఉంది. కానీ సొంత దేశంలోనే, సొంత మనుషుల మధ్యనే ఒక మనిషి ఊరెందుకు విడుస్తాడన్న ప్రశ్నకు ఆ మాటలో జవాబు లేదు. ఆ జవాబును మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో వెతకడమే నా ఈ చిన్న ప్రయత్నం. తప్పులుంటే పెద్దలు మన్నించవలెను.

మాది పెనుకొండకు దగ్గరలో ఒక చిన్న పల్లె. ఐదెకరాల మెట్ట, ఎర్ర నేల. తాతల కాలం నుంచీ చెనిక్కాయే పంట. మొదట అనంతపురం జిల్లాలో ఉన్న మా ఊరు 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారింది గానీ ఆకాశం మారలేదు. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపుకుంటాయి. ఈశాన్య మేఘాలు తూర్పు సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలిసిపోతాయి. ఈ లెక్క పుస్తకంలో చదివితే సులభంగానే ఉంటుంది. చేనులో నిలబడి చూస్తే వేరుగా ఉంటుంది. వాన ఎంత పడిందనేది కాదు, ఎప్పుడు పడిందనేదే అక్కడ ప్రశ్న. జూన్, జూలైలో పదునైతే విత్తనం వేస్తాం. ఆగస్టులో ఊడలు దిగే సమయానికి నెల రోజులు వాన మొగం చాటేస్తే, చెట్టు పైకి పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కింద కాయ ఉండదు. పోనీ అని ఎలాగో కాయ పెరికి కుప్ప వేసుకున్నాక తుపాను వాన పట్టుకుంటే, కాయతో పాటు పశువుల మేత కూడా కుళ్ళిపోతుంది.

నేను పుట్టక ముందు, 2000 సంవత్సరంలో, మా జిల్లా చెనిక్కాయ చేలమీద కాండంకుళ్ళు వైరస్ తెగులు పడింది. రెండు లక్షల హెక్టార్లకు పైగా పంట దెబ్బతిన్నది. దానికి కారణం పొగాకు మొక్కను కూడా పట్టే ఒక వైరస్ అనీ, గట్లమీద పిచ్చిగా పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడి ద్వారా, తామర పురుగుల ద్వారా అది చేలలోకి వచ్చిందనీ తర్వాత శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఈ సంగతి నేను చదువుకున్నాక మా నాయనకు చెప్పినాను. ఆయన చాలాసేపు ఊరకుండి, “గట్టుమీది పూలచెట్టు నన్ను బెంగుళూరు బస్సెక్కించిందన్న మాట” అన్నాడు. మా నాయన మొదటిసారి కూలికి ఊరు దాటింది ఆ సంవత్సరమే.

తర్వాత మూడు బోర్లు వేసినాం. రెండింటిలో దుమ్ము లేచింది. మూడోది రెండేళ్ళు నీళ్ళిచ్చి నిలిచిపోయింది. నీళ్ళు పడినా పడకపోయినా బోరు బండికి ఇచ్చే డబ్బు అడుగుల లెక్కనే. అప్పు మిగిలింది. ఇక్కడొక మాట గమనించండి. అప్పుకు వడ్డీ నెలనెలా పెరుగుతుంది. చేను సంవత్సరానికి ఒక్కసారే ఇస్తుంది, అదీ ఇస్తే. నెలనెలా కట్టవలసినవాడికి నెలనెలా, వీలైతే వారం వారం, డబ్బు చేతికొచ్చే చోటు కావాలి. మా నాయనకు ఆ చోటు బెంగుళూరులో కనబడింది. ఇందులో మోజు ఎక్కడుంది?

చెనిక్కాయ ఒబ్బిడి అయినాక అమ్మానాయనలు పొయ్యేది, మళ్ళీ తొలకరికి వచ్చేది. ఆ నెలలన్నీ నన్ను సాకింది మా అవ్వ. ఊరిలో పండుగ వచ్చినా సగం ఇళ్ళకు తాళాలే. మా బడిలో పేర్లు పిలిచేటప్పుడు, “సార్, వాడు బెంగుళూరు సార్” అనే జవాబు మాకు “ప్రెజెంట్ సార్” అన్నంత మామూలు మాట. వాళ్ళలో చాలామంది మళ్ళీ తొలకరికి వచ్చినా బడికి రాలేదు.

ఇప్పుడు ఈ ‘వలస’ అనే మాట సంగతి చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఉన్నచోటు మారినవాళ్ళు 45 కోట్లకు పైబడి ఉన్నారు. అంటే ఇంచుమించు ముగ్గురిలో ఒకరికన్నా ఎక్కువ. వాళ్ళలో మూడింట రెండు వంతుల మంది స్త్రీలు. వాళ్ళ ప్రయాణానికి పెద్ద కారణం పెళ్ళి. మా అమ్మ మడకశిర వైపు నుంచి మా ఊరికి వచ్చింది. దాన్ని మనం ‘కాపురానికి వచ్చింది’ అంటాం. అధికారి ఊరు మారితే ‘బదిలీ’ అంటాం. మన పూర్వ విద్యార్థి బెంగుళూరు కంప్యూటర్ కంపెనీలో చేరితే ‘ఉద్యోగం వచ్చింది’ అని స్వీట్లు పంచుతాం. కూలివాడు పోతే మాత్రమే ‘వలస పోయినాడు’ అంటాం.

ఒకరోజు ఈ సంగతే మాట్లాడుకుంటుంటే మా నాయన నవ్వుతూ అన్నాడు: “నువ్వు పోతే ఉద్యోగమంటారు, నేను పోతే వలసంటారు. ఎక్కే రైలు మాత్రం ఒకటే కదరా!”

రైలు ఒకటే. కానీ తేడా లేకపోలేదు. ఆ తేడా దూరంలో లేదు, పట్నంలో లేదు. పోకుండా ఉండగలిగీ పోయినవాడు ఒకడు, పోక తప్పక పోయినవాడు ఇంకొకడు. నాకు తోచినంతవరకు వలస అనే ప్రశ్నలో అసలు కీలకం ఇదే. మనం దిగులు పడవలసింది మనుషులు కదులుతున్నందుకు కాదు, ఉండే దారి మూసుకుపోయి కదులుతున్నందుకు.

ఈ విషయం మీద మొట్టమొదట శ్రద్ధగా లెక్కలు కట్టినవారిలో రావెన్‌స్టీన్ అనే ఆయన ఒకరు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో పుట్టి ఇంగ్లండుకు పోయి స్థిరపడిన మనిషి, అంటే తానూ వలస వచ్చినవాడే. బ్రిటన్ 1881 జనాభా లెక్కలను ముందు పెట్టుకొని 1885లో ‘వలస సూత్రాలు’ ప్రచురించినాడు. ఎక్కువమంది దగ్గరి దూరాలకే పోతారు; పల్లె నుంచి చిన్న పట్నానికి, అక్కడినుంచి పెద్ద పట్నానికి మెట్లు మెట్లుగా పోతారు; పొయ్యే ప్రవాహం ఒకటుంటే వచ్చే ప్రవాహం కూడా ఒకటుంటుంది; దగ్గరి దూరాల్లో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువగా కదులుతారు. నూట నలభై ఏళ్ళ కిందట బ్రిటన్ జనాభా లెక్కలను చూసి రాసిన ఈ మాటలు ఈనాడు హిందూపురం ప్లాట్‌ఫారం మీద నిలబడి సరిచూసుకోవచ్చు.

అయితే నాకొక సందేహం ఉండేది. మాకంటే పేదవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళు ఎందుకు పోలేదు? బెంగుళూరులో కూలి ఎక్కువని వాళ్ళకూ తెలుసు కదా? దీనికి జవాబు నాకు కెమిస్ట్రీ క్లాసులో దొరికింది. రసాయన చర్య జరిగితే శక్తి విడుదలవుతుందని తెలిసినా, అది మొదలు కావడానికి ముందుగా కొంత శక్తి పెట్టవలసి ఉంటుంది. దాన్ని ఉత్తేజన శక్తి అంటారు. వలసకు కూడా అది కావాలి. బస్సు చార్జీ, మొదటి వారం తిండి, ఇంట్లో ముసలివాళ్ళను చూసేవాళ్ళు, అక్కడ పని చూపించే ఒక మేస్త్రీ. ఇవేవీ లేనివాడు ఊళ్ళోనే ఉండిపోతాడు. అతన్ని చూసి ‘ఊరిమీద ప్రేమగలవాడు’ అనుకుంటే పొరపాటు. ముందుగా పోయిన బంధువు ఉత్ప్రేరకం వంటివాడు. మా నాయనకు మా పెద్దమామ దారి చూపించినాడు. మా అన్నకు మా నాయన. మా ఊళ్ళో ఒక వీధి వీధంతా బెంగుళూరులో ఒకే పేటకు పోవడం వెనకున్న రహస్యం ఇదే. కానీ అణువులకూ మనుషులకూ ఒక తేడా ఉంది. అణువు వెనక్కి తిరిగి చూడదు. మా నాయన ప్రతి ఫోనులోనూ మొదట అడిగేది, “వానొచ్చిందా?” అని.

రండి, ఒకసారి మన రైలుదారి వెంట పోదాం. 1890లలో గుంతకల్లు నుంచి అప్పటి మైసూరు సంస్థానం సరిహద్దు దాకా వేసిన లైను ఇది. అంతకు ముందు, 1876–78లో, ధాత కరువు ఈ సీమను తినేసింది. సహాయ పనుల దగ్గర రోజంతా చాకిరీ చేసినవాడికి పౌను ధాన్యం, ఒక అణా ఇచ్చిన కాలం అది. పౌనంటే అర కిలోకు కూడా తక్కువ. ఆనాడు ఆకలితో జనం నడిచిపోయిన నేలమీద ఈనాడు రైళ్ళు పోతున్నాయి.

ధర్మవరంలో ఎక్కుదాం. పట్టుచీరెల ఊరు. పంట లేని సంవత్సరాల్లో చుట్టుపక్కల పల్లెల వాళ్ళు మగ్గం నేర్చుకొని బతికిన ఊరు. అంటే ఇది మనుషులను పంపిన ఊరు మాత్రమే కాదు, పిలిచిన ఊరు కూడా. పట్టు దారం కర్ణాటక నుంచి వస్తుంది, జరీ సూరతు నుంచి వస్తుంది, చీరె ఇక్కడ తయారై దేశమంతా పోతుంది. దారానికీ చీరెకూ లేని అభ్యంతరం నేతగాడు కదిలితే మాత్రం మనకెందుకో! నా క్లాసుమేటు ఒకడిది ధర్మవరమే. గుంట మగ్గం వాళ్ళ ఇల్లు. వాన పట్టుకుంటే గుంటలోకి చెమ్మ ఊరి మగ్గం ఆగిపోతుందని వాడు చెప్పేదాకా నాకు తెలియదు. మేము ఏ వానకోసం మొక్కుకుంటామో, ఆ వానకే వాళ్ళ ఇంట్లో పొయ్యి చల్లబడేది. పట్టుచీరెల్లో కొన్ని రకాలను చేమగ్గానికే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం పుస్తకంలో ఉంది. మరమగ్గం మీద నేసిన చీరె అంగట్లో పక్కనే సగం ధరకు ఉంది. మా వాడి నాయన ఇప్పుడు బెంగుళూరులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. ముప్పై ఏళ్ళు పోగు తప్పకుండా నేసిన చేతులు ఈనాడు గేటు తీస్తున్నాయి. వలసలో పోయేది మనిషి ఒక్కడే కాదు, ఆయన చేతిలోని పని కూడా పోతుంది. ఆ పనిని మళ్ళీ ఎవరు తెస్తారు?

తర్వాత పెనుకొండ. ఇది సాక్షాత్తు ఒక రాజ్యమే వలస వచ్చిన ఊరు. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంలో ఓడిన తర్వాత తిరుమలరాయలు హంపిని విడిచి ధనంతో, పరివారంతో పెనుకొండకు చేరినాడు. ఆ శతాబ్దం ముగిసేలోగా రాజధాని ఇక్కడినుంచి చంద్రగిరికి పోయింది. కోటలూ, ఏనుగులూ ఉన్నవాళ్ళే నిలువలేక ఊరు మారితే దాన్ని చరిత్ర అని చదువుకుంటున్నాం. ఐదెకరాల రైతు మారితే ఊరిమీద ప్రేమ లేదంటున్నాం.

అదే పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం వచ్చింది. 2017లో ఒప్పందం, 2019లో మొదటి కార్లు. సంవత్సరానికి మూడు లక్షల కార్లు తయారుచేసే శక్తి గలది. ఈనాడు ఆ రహదారి వెంట కొరియా భాషలో బోర్డులు, కొరియా భోజనశాలలు ఉన్నాయి. ఒడిశా, బీహారు నుంచి వచ్చిన కుర్రవాళ్ళు అద్దె గదుల్లో ఉంటారు. మా అవ్వ సంతలో వాళ్ళకు చేతి సైగలతో టమోటాలు అమ్ముతుంది. రావెన్‌స్టీన్ చెప్పిన ఎదురు ప్రవాహం ఇదే. ‘ఇంత పెద్ద కర్మాగారం పక్కనే పెట్టుకొని ఇంకా బెంగుళూరెందుకు పోతారు?’ అని అడిగేవాళ్ళున్నారు. మర యంత్రాలమీద పనికి ఐ.టి.ఐ., డిప్లొమా చదివిన ఇరవై ఏళ్ళవాళ్ళు కావాలి. మడక పట్టిన నలభై ఎనిమిదేళ్ళ చేతులకు అక్కడ చోటుండదు. ఇది కర్మాగారం తప్పు కాదు. పని ఊరికి వచ్చినంత మాత్రాన ఆ పని ఊరివాడికి వచ్చినట్టు కాదు, మధ్యలో చదువు అనే వంతెన ఉండాలి. ఆ వంతెన కట్టే పని కళాశాలలది, ప్రభుత్వానిది.

ఆ తర్వాత హిందూపురం. చింతపండు, బెల్లం, పట్టుగూళ్ళ మార్కెట్టు. తూముకుంట కర్మాగారాలు. మడకశిర, గుడిబండ, రొళ్ళ పల్లెలవాళ్ళకు ఇది మొదటి మెట్టు. ఇక్కడ హమాలీగానో, హోటలులోనో ఒక సంవత్సరం చేసి, తర్వాత గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం, యలహంక దాటి బెంగుళూరు చేరతారు. రోడ్డు మీద వంద కిలోమీటర్ల చిల్లర. కానీ మధ్యలో ఒక గీత ఉంది. రాష్ట్రం గీత.

ఈ గీత గురించి మనం తగినంత ఆలోచించలేదని నా అభిప్రాయం. హిందూపురం మనిషి ఐదు వందల కిలోమీటర్లకు పైన ప్రయాణం చేసి విజయవాడలో పనిచేస్తే సొంత రాష్ట్రంలో ఉన్నట్టు. వంద కిలోమీటర్లు పోయి బెంగుళూరులో పనిచేస్తే పరాయి రాష్ట్రంలో ఉన్నట్టు. పిల్లవాడిని బడిలో వేస్తే కన్నడం. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవాలంటే, వెనకటి సంవత్సరంలో 90 రోజులు కట్టుబడి పని చేసి ఉండాలి. చేసినట్టు రుజువు కావాలి. మూడు నెలలకొక మేస్త్రీ దగ్గర మారేవాడికి ఆ కాగితం ఎవరిస్తారు? దేశమంతా ఒకే రేషను కార్డు అన్న ఏర్పాటు 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. మంచిదే. మా షెడ్డువాళ్ళలో చాలామందికి ఆ సంగతి నేను చెప్పేదాకా తెలియదు. రాజ్యాంగం 19వ అధికరణం భారతదేశంలో ఎక్కడికైనా పొయ్యే, ఎక్కడైనా నివసించే హక్కును ప్రతి పౌరుడికీ ఇచ్చింది. పొయ్యే హక్కు మనిషితోనే వచ్చింది గానీ, తక్కిన హక్కులు ఊళ్ళోనే ఇంటికి తాళం వేసి పెట్టి పోవలసి వస్తున్నది.

2020 మార్చిలో ఈ గీత ఎంత గట్టిదో మా ఇంటికి తెలిసింది. మా అన్న పదో తరగతితో చదువు మాని బెంగుళూరులో సెంట్రింగు పనికి పోయినాడు. కరోనా వచ్చి దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు పని ఆగిపోయింది, మేస్త్రీ ఫోను ఎత్తలేదు. మా అన్నా, ఇంకా నలుగురూ నడక పట్టినారు. రైలుపట్టాల పక్కనే నడిచినారు, దారి తప్పకుండా ఉంటుందని. సరిహద్దులో ఆపినారు. ఒక రాత్రంతా చెట్టుకింద ఉండి, మూడో రోజుకు ఊరు చేరితే, పద్నాలుగు రోజులు బడిలో ఉంచినారు. అదే బడిలో వాడు చదువుకున్నది. కిటికీ బయట నిలబడి మా అవ్వ సంగటి ముద్ద అందిస్తుంటే, “అవ్వా, నేను పరాయి దేశం పోయినానా?” అని అడిగినాడు.

ఇది మనకొక్కరికే కలిగిన అనుభవం కాదు. 1930లలో అమెరికాలో వానలు లేక, ఎర్రటి దుమ్ము తుపానులు లేచి, ఓక్లహోమా మొదలైన రాష్ట్రాల రైతులు కాలిఫోర్నియాకు పోయినారు. వాళ్ళదీ సొంత దేశమే. 1936లో లాస్ ఏంజెలిస్ పోలీసులు ఏకంగా రాష్ట్ర సరిహద్దుల్లో కాపలా కాసి, చేతిలో డబ్బు లేనివాళ్ళను వెనక్కి పంపినారు. పేదవాళ్ళను రాష్ట్రంలోకి తేవడం నేరమన్న కాలిఫోర్నియా చట్టాన్ని చివరికి 1941లో ఆ దేశ సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఎంత సంపన్న దేశమైనా, కరువు రైతు తన దేశంలోనే పరాయివాడు కావడానికి ఒక్క గీత చాలు.

ఇక్కడ కొందరు నన్ను అడగవచ్చు. ‘అయితే వలస మంచిదంటావా, చెడ్డదంటావా?’ నిజం చెప్పాలంటే నా కళాశాల ఫీజు బెంగుళూరు సిమెంటు దుమ్ములో నుంచి వచ్చింది. మా ఇంటి పైకప్పు అక్కడి కూలి డబ్బు. వలసను ఆపేయాలని నేనంటే కృతఘ్నుణ్ణి అవుతాను. అదే సమయంలో మా అమ్మ మోకాళ్ళు అరిగింది కూడా అక్కడి మెట్లెక్కే. వలస అంతా అభివృద్ధే అని చెప్పేవాళ్ళను ఒక్క నెల ఆ రేకుల షెడ్డులో వేసవికాలం ఉండి చూడమంటాను.

‘నీళ్ళిస్తే అందరూ ఆగిపోతారు’ అనేవాళ్ళు మరికొందరు. ఇందులో చాలా నిజముంది. శ్రీశైలం నుంచి హంద్రీ–నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్ళు పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరు దాకా వచ్చిన రోజు మా నాయన కాలువలో దిగి మొగం కడుక్కొని వచ్చినాడు. మహారాష్ట్రలోని హివ్రే బజార్ అనే కరువు గ్రామంలో 1990ల నుంచి వాన నీటిని నిలిపే పనులు చేసుకుంటే, వలసపోయిన కుటుంబాలు కొన్ని వెనక్కి వచ్చినాయి. కాబట్టి వెనక్కి రావడమనేది కలలో మాట కాదు. మన పాత అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకం దేశానికంతటికీ మొదలైంది. సంవత్సరానికి 100 రోజుల పని అని ఆ చట్టం మాట ఇచ్చింది. అడిగినప్పుడు పని దొరికిన వేసవుల్లో మా అమ్మ ఊళ్ళోనే ఉండి చెరువు పూడిక తీసింది. దొరకని వేసవుల్లో బస్సెక్కింది. మా అమ్మ రాకపోకలే ఆ పథకానికి మా ఇంటి రిపోర్టు.

కానీ నీళ్ళు వచ్చినా నాబోటివాడు పోతాడు. ఎందుకు దాచాలి? డిగ్రీ అయినాక ఎమ్మెస్సీకో, పనికో నేనూ ఆ రైలే ఎక్కుతాను. నాకు ల్యాబులో పని చెయ్యాలని ఉంది. అది తప్పని ఎవరన్నా ఒప్పుకోను. నేను కోరేదల్లా ఒకటే. నేను పొయ్యేటట్టుగా మా నాయన కూడా, కావాలనుకుంటే పోవాలి, వద్దనుకుంటే ఉండగలగాలి.

ఈ మాట ఇప్పుడు మా ఇంట్లో ఉత్త చర్చ కాదు. రోడ్డు పక్క భూములకు ధర వచ్చింది. మా ఐదెకరాల్లో రెండెకరాలు అడుగుతున్నారు. అమ్మితే అప్పు తీరుతుంది. అమ్మితే తొలకరికి తిరిగి వచ్చే కారణం కూడా తీరిపోతుంది. అన్న అమ్మేద్దామంటాడు. అవ్వ తాను బతికుండగా వద్దంటుంది. నాయన, “చదువుకుంటున్నోడివి, నువ్వు చెప్పు” అని నన్నడిగినాడు. నేను ఈ జూన్ దాకా ఆగమన్నాను. కాలువ నీళ్ళు మా చెరువుకు వస్తే ఒక మాట, రాకపోతే ఇంకొక మాట. నా జవాబు పిరికి జవాబని నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ వయసులో ఇంతకన్నా ధైర్యం చెయ్యలేకపోయినాను.

చివరగా, ఊరికే బాధ చెప్పుకొని ఊరుకోవడం విద్యార్థులకు తగదు కాబట్టి, మన విద్యార్థి సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాను.

మొదటిది. దసరా, సంక్రాంతి సెలవులకు హాస్టలు మెస్సు మూసి, ‘ఇళ్ళకు పోండి’ అంటారు. అమ్మానాయనలు ఊళ్ళో లేని విద్యార్థులకు ఆ ఇల్లు తాళం వేసిన ఇల్లు. అటువంటివారు ఎందరున్నారో లెక్క తీసి, వాళ్ళ వరకైనా మెస్సు నడిపించవలసిందిగా అధికారులను కోరాలి.

రెండవది. వారానికి ఒక సాయంకాలం మనలో ఇద్దరు ముగ్గురు బస్టాండులోనో, స్టేషనులోనో ఒక బల్ల వేసుకొని కూర్చోవాలి. రేషను కార్డు బెంగుళూరులో ఎలా పనిచేస్తుంది, 2021లో వచ్చిన ఇ–శ్రమ్ కార్డు ఎలా తీసుకోవాలి, కార్మిక బోర్డులో పేరు ఎలా రాయించాలి అన్నవి చెప్పి, దరఖాస్తులు నింపిపెట్టాలి. దీనికి డబ్బు అక్కర్లేదు. కలం, ఓపిక ఉంటే చాలు. బెంగుళూరులో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు అక్కడ ఇటువంటి బల్ల ఒకటి వేస్తే మరీ సంతోషం.

మూడవది. వేసవి సెలవుల్లో ప్రతి విద్యార్థి తన ఊరికి, లేదా తన వీధికి, ఒక లెక్క రాసుకు రావాలి. ఎవరు పోయినారు, ఎక్కడికి, ఏ పనికి, ఎవరు తిరిగి వచ్చినారు, ఏమి ఉంటే పోకుండా ఉండేవాళ్ళు. రావెన్‌స్టీన్‌కు ప్రభుత్వం లెక్కలు ఇచ్చింది. మనకు మన ఊళ్ళే ఇస్తాయి. వచ్చే సంవత్సరపు సంచికలో ఆ లెక్కలు అచ్చు వేసి, ఏ పెద్దాయన మన సభకు వచ్చినా ఒక ప్రతి ఆయన చేతిలో పెడదాం.

మా ఊరి లెక్క నేను మొదలుపెట్టినాను. మా వీధిలో ఇరవై రెండు ఇళ్ళు. నేను రాసుకున్న రోజుకు తొమ్మిది ఇళ్ళకు తాళం. నోటుబుక్కు నా గదిలోనే ఉంది. తమ ఊరి లెక్క రాయదలచుకున్న మిత్రులు రండి, ఎలా రాయాలో కలిసి చూసుకుందాం.

సెలవు.